మా బావ అడగని మాట

మాది బొబ్బిలి. మా బావ అంటే మా మేనత్త కొడుకు, ఇరవై రెండేళ్లుగా నా మొగుడు. బస్టాండు దగ్గర జిరాక్సు, ఇంటర్నెట్ షాపు నడుపుతాడు. మా బాప్టిస్టు సంఘంలో అప్పట్లో డీకను, అంటే సంఘం ఎన్నుకునే పెద్దల్లో ఒకడు కూడా. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా చర్చిలో అందరికీ తెలుసు, మా క్లాసు పిల్లలకి ఇంకా బాగా తెలుసు.

నాకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చేసరికి దగ్గర్లో ఖాళీలు లేవు. తీసుకుంటే ఒడిశా సరిహద్దులో ఉన్న పాతపట్నమే. రోజూ వెళ్లిరావడం కుదరని దూరం. అక్కడే గది తీసుకుని ఉండాలి, శనివారం సాయంత్రం వచ్చి మళ్లీ సోమవారం మొదటి బస్సెక్కాలి. వద్దనుకుంటే వద్దని రాసిచ్చెయ్యాలి. బుధవారంలోగా తేల్చాలి. పంతొమ్మిదేళ్ల సర్వీసు తర్వాత వచ్చిన కుర్చీ, నాకు వెళ్లాలనే ఉంది. ఆ మాటే మా బావకి చెప్పాను. విని, ఊఁ అన్నాడు. ఆ ఊఁకి అర్థమేమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ బుధవారానికి ముందొచ్చిన ఆదివారం నెలలో మొదటిది, మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం ఉండే రోజు. ప్రార్థన మనవులు చెప్పుకునే సమయంలో ఒకావిడ మోకాళ్ల నొప్పి గురించి చెప్పింది, ఒకాయన కొడుకు డీఎస్సీ గురించి చెప్పాడు. ఆ తర్వాత మా బావ లేచాడు. మా ఇంటావిడకి ప్రమోషన్ వచ్చిందనీ, కుటుంబం కోసం ఆమె దాన్ని వదులుకుంటోందనీ, ఇలా లోబడే మనసు ఆమెకిచ్చిన దేవుడికి స్తోత్రమనీ చెప్పి కూర్చున్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. నా పక్కావిడ నా చెయ్యి పట్టుకుని మెచ్చుకోలుగా నొక్కింది కూడాను.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను ప్రమోషన్ వదులుకుంటున్నానని నాకు చర్చిలోనే తెలిసింది మరి! లోబడడం గురించి ఎవరూ నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా పెళ్లిలో పాస్టరుగారు భార్య లోబడాలని చెప్పే ముందు, ఇద్దరూ ఒకరికొకరు లోబడాలని కూడా చెప్పారు. దానికి మా బావ గట్టిగా తలూపడం పెళ్లి వీడియోలో ఇప్పటికీ కనబడుతుంది.

మాలో ఒక పద్ధతి ఉంది. మనసులో ఎవరిమీదైనా కోపం ఉంటే ముందు వాళ్లతో సమాధానపడాలి, తర్వాతే రొట్టె ముట్టుకోవాలి. అందుకని ఎవరైనా తీసుకోకుండా పళ్లెం దాటించేస్తే, వాళ్లింట్లో ఏదో అయిందని చర్చి మొత్తానికి అర్థమైపోతుంది. ఆరోజు ఆడవాళ్ల వైపు పళ్లెం తెచ్చింది మా బావే. తెల్లచొక్కా టక్ చేసుకుని, ఒక్కొక్కరికీ అందిస్తూ నా దగ్గరికొచ్చాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. తీసుకోమన్నట్టు ఇంకాస్త ముందుకు పట్టాడు. అడ్డంగా తలూపాను. పళ్లెం నా పక్కావిడ వైపు తిప్పాడు. ఆవిడ అంతా చూసింది.

డీకన్లకి చివర్లో పాస్టరుగారు స్వయంగా ఇస్తారు. మా బావ వంతు వచ్చింది. ఆయనా తీసుకోలేదు. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, పక్కాయన దగ్గరికి వెళ్లిపోయారు. మా బావ పరువు తియ్యాలనే నేను అనుకున్నాను. తీశాక మాత్రం సంతోషంగా లేదు.

స్కూటర్ మీద ఇంటికొచ్చాం. ఆదివారం కోడికూరకి ఉల్లిపాయలు తరగడం ఆయన పని. బట్టలు మార్చుకుని వచ్చి, చాకు తీసుకుని కూర్చున్నాడు. నేను తీసుకోకపోతే నువ్వెందుకు మానేశావని అడిగాను. నీ పట్ల తప్పు చేసి నేను మాత్రం ఎలా తీసుకుంటానన్నాడు. అంతే, నా నోరు ఆగలేదు. నా ఉద్యోగం గురించి ఊరందరికీ చెప్పడానికి నువ్వెవరన్నాను. లోబడడమంటే నీ నిర్ణయానికి నేను ఆమెన్ కొట్టడమా అన్నాను. ఒక్క మాట నన్ను అడిగితే నీ సొమ్మేం పోయిందన్నాను. అన్నీ విన్నాడు.

"అడిగితే కాదంతావని బయమేసింది. నువ్వు నేకుండా నాను ఈ ఇంట్లో ఉండనేను. సంగంలో సెప్పీసినాక ఇంక కాదననేవు కదా అనుకున్నాను."

నేను లేకుండా ఉండలేనన్న మాట ఇరవై రెండేళ్లలో ఆయన నోట వినడం అదే మొదలు. దానికీ నాకు కోపమే వచ్చింది. అంత మంచి మాట ఇలా దొంగదారిన చెప్తాడా మనిషి!

"నువ్విలాగ నా ముందు కూకొని, ఎల్లకే అని ఒక్కసారి అడిగుంటే మానీసేదాన్ని బావా. మనస్ఫూర్తిగా మానీసేదాన్ని."

ఆయన చాకు కింద పెట్టి నా ముఖంలోకి చూశాడు. నేను ఉత్తినే అనడం లేదని ఆయనకి తెలుసు.

"అయితే అడగను. ఎల్లు," అన్నాడు.

తర్వాతి ఆదివారం మనవుల సమయంలో మళ్లీ లేచాడు. పోయినవారం తాను చెప్పింది నిజం కాదన్నాడు. భార్యని అడక్కుండా చెప్పానన్నాడు. ఆమె పాతపట్నం వెళ్తోందనీ, తనకి వంట వచ్చేలా ప్రార్థన చెయ్యమనీ అన్నాడు. కొందరు నవ్వారు. ఆమెన్ మాత్రం ఇద్దరు ముగ్గురే అన్నారు. ఆ మరుసటేడు ఆయన్ని డీకనుగా ఎన్నుకోలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

పాతపట్నంలో మూడేళ్లు చేశాను. తెలుగులో ఒడియా మాటలు కలిపేసి మాట్లాడే ఆ పిల్లలంటే నాకు ప్రాణమైపోయింది. లెక్కలంటే వణికిపోయినవాళ్లు నా గదికొచ్చి ఇంకో లెక్క ఇమ్మని అడిగేవాళ్లు. శనివారం శనివారం మా బావ బస్టాండులో నిలబడి నా సంచీ అందుకునేవాడు. వచ్చెయ్యమని ఒక్కనాడూ నోరు జారలేదు. ఒకసారి వారం రోజులు జ్వరంతో పడుంటే ఫోన్లో చెప్పనే లేదు, పక్కింటివాళ్ల వల్ల తెలిసింది. ఆ శనివారం ఇంట్లో పెద్ద గొడవ చేశాను.

ఈ ఏడాది బదిలీలు వచ్చాయి. బొబ్బిలి పక్కనే ఒక హైస్కూల్లో హెడ్మాస్టరు పోస్టు ఖాళీ. అడిగితే వచ్చేలా ఉంది. కానీ నాకు పాతపట్నం వదలాలని లేదు. ఊళ్లో టీచర్ల బదిలీ దరఖాస్తులు మా బావే షాపులో నింపుతాడు. ఒక సాయంత్రం వెళ్లి ఆయన పక్కన కూర్చుని, నా దరఖాస్తులో ఏ స్కూలు పెట్టమంటావని అడిగాను. నీ ఇష్టం అన్నాడు. నా ఇష్టం మూడేళ్లు జరిగింది కదా, నీదేమిటో చెప్పు, నువ్వెలా చెప్తే అలా చేస్తానన్నాను. నాలాంటి కోపిష్టిది ఆ మాట అనడం నాకే వింతగా ఉంది.

ఆయన కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"వచ్చీయే," అన్నాడు. అని, షాపులో మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చేశాడు.

నేను కీబోర్డు నావైపు లాక్కుని బొబ్బిలి పక్క స్కూలు పేరు కొట్టాను.