పళ్ళెం దాటి వెళ్ళిన కుర్చీ

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను చెప్పేవాటిలో సగం తీసేసి, మిగతా సగాన్ని ఓసారి జల్లెడ పట్టి వాడుకోవాలి. మా ఆవిడ ఇన్నేళ్ళుగా నాతో అలాగే కాపురం చేస్తోంది.

జనం మాస్కులు తీసేసి, కళ్ళజోళ్ళకు మళ్ళీ ముక్కులు దొరికిన ఏడాది అది. ప్రత్తిపాడులో నా కళ్ళజోళ్ళ షాపు. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు. ఊరంతా ఎలా తుమ్మేదంటే, ఒక్కో తుమ్ముకి నా షాపు బోర్డు గుంటూరు వైపు జానెడు జరిగేది.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె ముక్కలు, ద్రాక్షరసం పోసిన చిన్న గిన్నెలు ఉన్న పళ్ళెం పట్టుకుని సంఘ పెద్ద ఏసోబు గారు వరసల వెంట వస్తారు. ఆయన చేతిలో పళ్ళెం వణకగా నేను చూడలేదు. భూకంపం వచ్చినా ఆయన్ని అడిగే ఊగాలి. ఆ పళ్ళెం ఎవరినైనా దాటిపోయిందంటే మా దగ్గర ఒకటే అర్థం: ఆ మనిషి ఏదో పాపంలో పడింది, సంఘం బల్లకు దూరం పెట్టింది.

అలాంటి పళ్ళెం రూతమ్మ గారిని దాటిపోయింది. వరసగా రెండు నెలలు.

రూతమ్మ గారు బుధవారాల్లో స్త్రీల ప్రార్థన నడుపుతారు. మోకాళ్ళ నొప్పులతో చాప మీద కూర్చోలేక, ఎడమవైపు స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటారు. చాప మీదున్న అందరికీ ఇచ్చుకుంటూ వచ్చిన ఏసోబు గారు, ఆ కుర్చీ దగ్గరికొచ్చి, గిర్రున తిరిగి వెళ్ళిపోయారు.

మావాళ్ళు చాడీలు చెప్పరు. 'ప్రార్థన అంశం' చెబుతారు. ఫ్రేము స్క్రూ బిగించమని వచ్చిన సువార్తమ్మ గొంతు తగ్గించింది, అంటే వీధి చివరిదాకా మాత్రమే వినపడేంతగా.

"ఎవరికీ అనమాకండి బ్రదర్, ప్రార్థనలో పెట్టుకుంటారని చెబుతున్నా. రూతమ్మొదిన ఏదో చేసిందంట."

మొదటి వారం అది 'ఏదో'. రెండో వారానికి అబద్ధ సాక్ష్యం. మూడో వారానికి పక్క జిల్లాలో పోలీసు కేసు, దానికో లాయరు, కోర్టు వాయిదా. ఇంకో జట్టు మాత్రం, పాత గట్టు తగాదా ఏసోబు గారు మనసులో పెట్టుకున్నారంది. నేను మాత్రం విని ఊరుకున్నాను. చివరికి, సంగతి తేలేదాకా స్త్రీల ప్రార్థన వేరేవాళ్ళకి అప్పగించాలనీ, ఆ మాట ఆదివారం సంఘంలో ప్రకటించాలనీ, ఏసోబు గారికి తెలిసిందేగా అని ఆయన్ని అడక్కుండానే, మిగతా పెద్దలు అనుకున్నారు. ప్రకటిస్తే ఆవిడ మంచిపేరు ఆ రోజుతో సరి.

సువార్తమ్మ ఈ అంశాన్ని రూతమ్మ గారి దగ్గరికే మోసుకెళ్ళిందట. మర్నాడు నా షాపుకొచ్చి తనే వాపోయింది.

"ఆయన నిన్నట్టా అవమానించాడేంటి వదినా అన్నా బ్రదర్. దానికి ఆమె, 'ఆయన్ని అడిగావా?' అంది. లేదన్నా. 'నేనూ అడగలా. అడక్కుండా మనిద్దరం కూచుని అనుకుంటే అది ప్రార్థన కాదే, మనిషిని రోట్లో వేసి దంచటం' అని చెప్పులేసుకుని ఆయనింటికి పోయింది!"

శుక్రవారం ఉదయం నా షాపు ముందు ఆటో ఆగింది. ముందు రూతమ్మ గారు దిగారు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని ఏసోబు గారు దిగారు. నా చేతిలో లెన్సు కిందపడి, నాలుగుసార్లు ఎగిరి, మళ్ళీ చేతిలోకే వచ్చింది.

"అబ్బాయ్, అన్న కళ్ళు చూడు," అన్నారు రూతమ్మ గారు.

"నా చూపు భేషుగ్గా ఉందయ్యా. చీమ తలకాయ లాంటి అక్షరాలు చదువుతా. పళ్ళెం ఎందుకు దాటించారని ఈమె అడిగింది. నువ్వసలు రాలేదుగా అమ్మా, ఒంట్లో బాగోలేదేమోనని రెండు నెలలుగా నీ కోసం ప్రార్థన చేస్తన్నా అన్నా."

"అంటానే ఎడంపక్కనున్న కాఫీ గ్లాసు తన్నేశాడు," అన్నారావిడ. "అక్కడ గ్లాసుందని తెలీదంట."

ఏసోబు గారు చార్టు చివరి వరస గడగడా చదివేశారు. అప్పుడు కన్‌ఫ్రంటేషన్ టెస్ట్ చేశాను. అంటే ఎదురెదురుగా కూర్చుని, ఒక కన్ను మూయించి, నా ముక్కునే చూడమని, పక్కనుంచి వేలు మెల్లగా ముందుకు తేవటం. ఎడమవైపునుంచి నా వేలు దాదాపు ముక్కు దగ్గరికొచ్చింది.

"ఇంకా మొదలుపెట్టలేదేంటయ్యా?" అన్నారాయన.

గుంటూరు కంటి ఆసుపత్రికి పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చి చెప్పారు: గ్లాకోమా, మనవాళ్ళు అనే నీటికాసులు. నొప్పి ఉండదు, ఎదుటి చూపు బాగానే ఉంటుంది, పక్కచూపు మాత్రం చెప్పకుండా పోతుంది. పోయింది తిరిగి రాదు. చుక్కల మందుతో మిగిలింది కాపాడుకోవాలి.

ఈ సంగతి వెంటనే ఊరంతా చెబుతానని నేను చెప్పులు వెతుక్కున్నాను. రూతమ్మ గారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"నోరెత్తమాక."

"ఎల్లుండి ప్రకటిస్తారు అక్కయ్య గారూ! మీ పేరు..."

"నా పేరు నాలుగు రోజులు ఆగుద్ది. కళ్ళు ఆయనవి. చెప్పుకుంటే ఆయన చెప్పుకోవాల."

ఆదివారం పెద్దలు ప్రకటన కాగితం తీశారు. ఏసోబు గారు లేచి తన జబ్బు చెప్పారు. రూతమ్మ గారిని క్షమాపణ అడిగారు. తర్వాత మా వైపు తిరిగారు.

"నాకు ఆమె కనపళ్ళేదు, దాటిపోయా. మీ అందరికీ కనపడింది. మరి ఒక్కరైనా వచ్చి నన్నెందుకు అడగలేదు?"

కాగితం మళ్ళీ జేబులోకి పోయింది. ఆ రోజు గుళ్ళో మిరప ఘాటుకి కూడా ఎవరూ తుమ్మలేదు.

అప్పటినుంచి షాపులో ఎవరు ప్రార్థన అంశం ఎత్తినా, "ఆ మనిషిని అడిగారా?" అంటున్నాను. సగం అంశాలు అక్కడే ఆగిపోతున్నాయి.

ఇక ఏది కల్పించానో చెప్పాలి. బోర్డు జరగటం, లెన్సు ఎగరటం మీరెలాగూ జల్లెడ పట్టేసి ఉంటారు. నేను నిజంగా ఆడిన అబద్ధం ఒక్కటే, విని ఊరుకున్నానన్న మాట. ఆ మూడు వారాలూ చూపు పరీక్షకొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఆ పోలీసు కేసు, లాయరు, వాయిదా, అన్నీ నా షాపులో పుట్టినవే.

ఆ సంగతి రూతమ్మ గారి ఎదురుగా కూర్చుని ఒప్పుకున్నాను.

"తెలుసులే అబ్బాయ్. లాయర్ని కూడా పెట్టారంటే అప్పుడే అనుకున్నా, అంత పనితనం ఈ ఊళ్ళో ఇంకెవరికుంది?"