గోడ మీద లేని దేవసహాయం

పోయిన వారం ఇంట్లో పాత టేకు తలుపులకు వార్నిష్ వేయించాను. పనివాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆ ఘాటు గదుల్లోంచి పోలేదు. కిటికీలు తీసినా, ఫ్యాన్లు వేసినా నా వెంటే తిరిగింది. మా మిషన్ స్కూలు హాల్లో ఏటా వార్షికోత్సవానికి ముందు వచ్చే వాసన అదే. బెంచీలకీ, వేదిక మెట్లకీ, గోడ మీది పటాల చట్రాలకీ వార్నిష్ వేసేవారు. అది సరిగ్గా ఆరకముందే మమ్మల్ని వరసల్లో కూర్చోబెట్టేవారేమో, లేచేటప్పుడు నిక్కర్లు బెంచీలకు అతుక్కుని చిన్న చప్పుడుతో ఊడివచ్చేవి.

రాజమండ్రిలో గోదావరి గట్టుకు కాస్త ఇవతల, ఎప్పుడో మిషనరీ దొరలు కట్టించిన మగపిల్లల బడి అది. నేను చేరిన తొంభైల నాటికి దొరలు లేరు. వాళ్ళు నాటిన నిద్రగన్నేరు చెట్లు, ఎత్తయిన పెంకుల కప్పు, ప్రార్థనకు ముందు మోగే గంట మిగిలాయి. హాల్లో తూర్పు గోడ నిండా ఆ బడిలో చదువుకుని గొప్పవాళ్ళయినవారి ఫోటోలు ఉండేవి. మద్రాసులో పేరుమోసిన సర్జను, ఆనకట్టలు కట్టిన ఇంజనీరు, దేశం తరఫున ఆడిన వాలీబాల్ ఆటగాడు, వాళ్ళందరి మధ్యా నల్లకోటులో హైకోర్టు జడ్జి గారు. ప్రార్థనలో కళ్ళు మూసుకోమంటే సగం తెరిచి ఆ వరసలో మా ఫోటోలకి ఖాళీ ఎక్కడుందా అని చూసుకునేవాళ్ళం.

నాకు ఆ ఫోటోల్లోని వాళ్ళు బంధువుల్లాంటివాళ్ళు. మా తాతయ్య వాళ్ళందరికీ తెలుగు చెప్పిన మాస్టారు. కోనసీమ అగ్రహారంలో పుట్టి, ఉద్యోగమంతా ఆ క్రైస్తవ బడిలోనే చేసి, దాని వెనక వీధిలోనే పెంకుటింట్లో స్థిరపడ్డారు. నాన్నకి తరచూ బదిలీలు కావడంతో నన్ను అక్కడ ఉంచారు. సాయంత్రం గోళీలాట అయ్యాక, మట్టికాళ్ళు నూతి దగ్గర కడుక్కుని వస్తే, తాతయ్య అరుగు మీద ముక్కుపొడుం పీలుస్తూ ఉండేవారు. లోపల అమ్మమ్మ పనసపొట్టు కూరలో ఆవ కలుపుతుంటే ఆ ఘాటుకి ఇద్దరం ఒకేసారి తుమ్మేవాళ్ళం. క్రిస్మస్‌కి హెడ్మాస్టరు గారింటి నుంచి కేకు వచ్చేది. గుడ్డు వేస్తారని అమ్మమ్మ దాన్ని గడప దాటనిచ్చేది కాదు. నేను అరుగు మీదే తిని, మూతి కడుక్కుని లోపలికి వెళ్ళేవాణ్ణి. వానాకాలం చూరు నీళ్ళ కింద ఇత్తడి బిందె మోగుతుంటే తాతయ్య తన శిష్యుల కథలు మొదలుపెట్టేవారు.

అన్నింటిలోకీ జడ్జి గారి కథలే నాకిష్టం. తాతయ్య ఆయన్ని సూర్యం అనేవారు. సూర్యం గోదావరి మధ్య లంకలో పడవ నడిపేవాళ్ళ పిల్లాడట. పుస్తకాలు తలకు కట్టుకుని పాయ ఈదుకుంటూ బడికొచ్చేవాడట. పద్యం ఒక్కసారి వింటే చాలు, మళ్ళీ అడిగితే తప్పు లేకుండా అప్పజెప్పేవాడట. నేనూ తువ్వాల్లో తెలుగు వాచకం చుట్టి తలకు కట్టుకుని నూతి చుట్టూ తిరిగేవాణ్ణి.

నేను ఎనిమిదో తరగతిలోకి వచ్చేసరికి తాతయ్యకి మతిమరుపు మొదలైంది. మొదట గొడుగులు పోయేవి. తరవాత అన్నం తిన్న సంగతి మరిచిపోయి కంచం ముందు కూర్చునేవారు. ఒకరోజు అమ్మమ్మనే, "మీరెవరి తాలూకండీ?" అని మర్యాదగా అడిగారు. అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు కూరలో ఉప్పు లేదు. అలాగే తిన్నాం. ఆ తరవాత అరుగు మీద కథలు ఆగిపోయాయి.

ఆ ఏడు వార్షికోత్సవానికి జడ్జి గారు వస్తున్నారని కబురు వచ్చింది. అప్పటికే రిటైరయ్యారు. హెడ్మాస్టరు గారు ఇంటికొచ్చి అమ్మమ్మని బతిమాలారు.

"మాస్టారుంటేనే వస్తానన్నారండీ. ఒక్క గంట కూర్చోబెడితే చాలండి."

అమ్మమ్మ పట్టుపంచె కట్టించి, ఉత్తరీయం వేయించి, నా చెయ్యి పట్టించి పంపింది. తాతయ్య ముందు వరసలో బుద్ధిగా కూర్చున్నారు. ఫోటోలో ఉన్నంత ఎత్తు లేరు జడ్జి గారు; జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆయన వేదిక ఎక్కకుండా నేరుగా మా దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా తాతయ్య కాళ్ళకు దణ్ణం పెట్టారు.

తాతయ్య ఆయన గడ్డం పట్టుకుని చాలాసేపు చూశారు. తాతయ్య ముఖంలోకి నెలల తరబడి లేని వెలుగొచ్చింది.

"ఒరే దేవసహాయం! జ్వరం తగ్గిందా?"

హెడ్మాస్టరు గారు కంగారుగా వంగి, "మాస్టారూ, వీరు జడ్జి గారండీ, మీ సూర్యం గారు" అన్నారు.

జడ్జి గారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు.

"తగ్గిందండి మాస్టారూ. పూర్తిగా తగ్గిపోయింది. బాగున్నానండి."

"డాక్టరు వచ్చేదాకా ఉంటావో ఉండవో అనుకున్నాన్రా" అంటూ తాతయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

సభ అయ్యాక జడ్జి గారు మా ఇంటికొచ్చారు. అరుగు మీద కూర్చుని అమ్మమ్మ ఇచ్చిన మజ్జిగ తాగారు. నేను ఉండబట్టలేక, పుస్తకాలు తలకు కట్టుకుని ఈదడం గురించి అడిగాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "నేను కాదు బాబూ. మాది రామచంద్రపురం. నాకసలు ఈతే రాదు. ఆ ఈత, ఆ పద్యాలు దేవసహాయానివి. తరవాత వాడు హాస్టల్లో చేరితే నా పక్క మంచం ఇచ్చారు."

అమ్మమ్మ తలుపు వెనక నుంచి ఆయనతో నెమ్మదిగా అంది. "ఆ పేరు మీ మాస్టారు ఈ ఇంట్లో ఎత్తేవారు కాదు బాబూ. ఆ కుర్రాడి కబుర్లన్నీ నీ పేరు పెట్టి చెప్పుకునేవారు."

మిగతాది ఆయనే చెప్పారు. గోదావరి పోటు మీదున్న శ్రావణంలో దేవసహాయానికి విషజ్వరం వచ్చింది. డాక్టరు గారు అవతలి ఒడ్డున కొవ్వూరు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. లాంచీలు ఆగిపోయాయి. తాతయ్య ఆ వానలో రైలు వంతెన మీద నడిచి అవతలికి వెళ్ళి ఆయన్ని వెంటబెట్టుకొచ్చారు. వచ్చేసరికి పిల్లలు మంచం చుట్టూ నిలబడి ప్రార్థన పాట పాడుతున్నారు. అప్పటికే ప్రాణం పోయింది.

"ఆ గోడ మీద ఉండాల్సింది వాడండీ, అమ్మగారూ" అన్నారు జడ్జి గారు. "పెడదామంటే ఒక్క ఫోటో కూడా లేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఫోటోలెక్కడివి?"

ఆయన వెళ్ళేటప్పుడు తాతయ్య వీధిదాకా వచ్చి, "తడవకురా, మళ్ళీ తిరగబెడుతుంది" అన్నారు. కారు మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నారు.

ఆ సంతోషం మర్నాటికి ఆయనకు గుర్తు లేదు. గుర్తున్నది జ్వరం మాత్రమే. వాన పడితే చాలు, గొడుగు తీసుకుని, డాక్టరు కొవ్వూరులో ఉన్నాడంటూ బయలుదేరేవారు. అమ్మమ్మ ఆపితే ఆగేవారు కాదు. ఒకరోజు నేను బడి నుంచి వస్తూ వీధి చివర ఎదురయ్యాను. ఏం చెయ్యాలో తెలియక, జడ్జి గారు అన్నట్టే, "తగ్గిందండి మాస్టారూ" అన్నాను. తాతయ్య నా నుదురు తాకి చూశారు. "చల్లగా ఉందిరా" అంటూ నా భుజం పట్టుకుని ఇంటికి వచ్చేశారు. ఆ వానాకాలమంతా నేను దేవసహాయాన్ని. నన్ను నా పేరుతో పిలవడం ఆయన ఎప్పుడు మానేశారో కూడా నేను గమనించలేదు.

మరుసటి ఏడు ముసురులో అలాగే నుదురు తాకి, "లేదురా, ఇంకా కాలుతోంది" అన్నారు. తగ్గిందని ఎంత చెప్పినా నమ్మలేదు. నన్ను మంచం మీద పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, అన్నం కూడా ముట్టకుండా పక్కనే కూర్చున్నారు. నాకేమీ జ్వరం లేదు. అయినా కదలడానికి మనసొప్పక కళ్ళు మూసుకుని పడుకున్నాను. ఆ కార్తీకంలోనే తాతయ్య పోయారు. జడ్జి గారు వచ్చి గట్టు మీద ఒక్కరే నిలబడ్డారు.

తరవాత పిల్లలు బస్సులున్న బడులకు మళ్ళిపోయారు. ఖాళీ అయిన పోస్టుల్లోకి కొత్త మాస్టర్లు రాలేదు. ఒక ఏడు గంట మోగడం ఆగింది. గోడ మీది ఫోటోలు ఎవరు తీసుకెళ్ళారో చెప్పేవాళ్ళు లేరు. జడ్జి గారు పోయినప్పుడు పేపర్లో ఆయన చదివిన లా కాలేజీ పేరు రాశారు గాని బడి సంగతి రాయలేదు.

ఈమధ్య రాజమండ్రి పని మీద వెళ్ళి ఆ వీధిలోకి నడిచాను. హాలున్న చోట అపార్ట్‌మెంట్ లేచింది. గేటు దగ్గర నిలబడి పైకి చూస్తుంటే వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు.

"ఎవరి కోసమండీ?"

సర్జను, ఇంజనీరు, జడ్జి గారు, తాతయ్య, అందరూ ఒక్కసారిగా మనసులో మెదిలారు.

"ఎవరూ లేరండీ" అని చెప్పి గట్టు వైపు నడిచాను.