హారన్ అక్కర్లేని బడి వ్యాను

ఈ రోజు పొద్దున అలియాబాద్‌లో మా గల్లీ చివర బడి వ్యాను ఇనుము రాసుకున్నట్టు కీచుమంది. ఆగాల్సిన చోటు దాటి పది అడుగులు పోయాక ఆగింది.

"అన్నా, బ్రేకు ప్యాడ్లు అరిగిపోయినయి, చూపియ్యలేదా?" అని డ్రైవర్‌ని అడిగాను.

"నెల నుంచి గట్లనే నడుస్తాంది అక్కా, ఏం గాదు. గా సప్పుడు ఇనంగనే పిల్లలు బయటికొస్తరు. నాకు హారన్ కొట్టే పని తప్పింది," అని నవ్వాడు.

పక్కింటామె డ్రైవర్‌నే వెనకేసుకొస్తూ నాతో అంది. "ఇయ్యాల రిపేరుకిస్తే రేపు పిల్లల్ని ఎవరు తీస్కపోతరు వదినా?"

పద్నాలుగు మంది పిల్లలతో ఆ వ్యాను కరీంనగర్ రోడ్డు మీద లారీల మధ్య పోవాలి. నాకు ఒళ్లు మండింది. మా పాపను ఎక్కనివ్వకుండా స్కూటీ మీద దింపి, బడి ఆఫీసులో చెప్పాను. "చూస్తాం మేడమ్" అన్నారు. సాయంత్రం వ్యాను అదే కీచుతో మిగతా పిల్లల్ని దింపి పోయింది.

అందరికంటే నా మీద నాకే ఎక్కువ కోపంగా ఉంది. నెల రోజులుగా ఆ చప్పుడు వినగానే "వ్యానొచ్చింది, జల్దీ నడువు" అని పాపను తరిమింది నేనే. రేపు మీ గల్లీకి వచ్చే వ్యాను ఎలా ఆగుతుందో ఒకసారి చెవిపెట్టి విని, ఇక్కడ చెప్పండి.