తాళం వేసిన కార్ఖానాలు

పీహెచ్‌డీ కోసం మా తెలుగు నేతవాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ లింబాయత్‌లో నేను ఎంచుకున్న ప్రశ్న చిన్నదే: బ్యాంకు అప్పు తీసుకుని కొత్త సాంచెలు పెట్టినవాళ్లు బాగుపడ్డారా, లేదా? సాంచెలంటే మా మరమగ్గాలు. వాటి చప్పుడులోనే పెరిగినదాన్ని కాబట్టి అందరూ తమ లెక్క పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టారు. బయటి పరిశోధకులకు అవి చచ్చినా దొరకవని నాకు కొంచెం పొగరు కూడా.

తాళం వేసిన కార్ఖానా కనిపిస్తే పక్కదానికి వెళ్లిపోయేదాన్ని. నాలుగు చోట్ల ఇరుగుపొరుగు వాళ్లు, బ్యాంకు కిస్తీలు కట్టలేక మూసేశారని చెప్పారు కూడా. విన్నాను, రాసుకోలేదు. మాట్లాడే యజమాని లేడు, చూపించే పుస్తకం లేదు, నా ఫారంలో గడులు నిండవు. ఎండకు తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి. నిజం చెప్పాలంటే అదీ ఒక కారణమే.

ఫలితం ముచ్చటగా వచ్చింది. అప్పు చేసినవాళ్ల లాభాలు పెరిగాయి. మా కులసంఘం హాల్లో ప్రొజెక్టర్ పెట్టి మరీ చూపించాను. ముందు వరుసలో కూర్చున్న మా కాక, అంటే నాన్న తమ్ముడు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ నెలలోనే అమ్రోలిలోని ఇల్లు తాకట్టు పెట్టి కొత్త సాంచెలు తెచ్చాడు. కొబ్బరికాయ నన్నే కొట్టమన్నాడు. కొట్టాను.

రెండేళ్లు నడిచాయి. ఆ తర్వాత సాంచెలు భంగారు కింద, అంటే తుక్కు ఇనుము ధరకు, పోయాయి, ఇల్లు బ్యాంకు తీసుకుంది. కాక ఇప్పుడు కడోదరాలో వేరేవాళ్ల మిల్లులో కూలికి నేస్తూ, అక్కడే అద్దె గదిలో ఉంటున్నాడు. ఆయన ముఖం చూడలేక ఆరు నెలలు తప్పించుకు తిరిగాను. మొన్న ఎలాగో వెళితే కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

"నీ లెక్కల్ల అందరు బాగుపడ్డరు గద బిడ్డా. నాకే చేతగాలే," అన్నాడు.

ఆ మాట విన్నాక నోరు మూసుకుని ఉండలేకపోయాను. మూసేసిన కార్ఖానాల వాళ్లను నేను అడగనే లేదని, ఆయనలాగే మునిగినవాళ్లు అప్పటికే నలుగురున్నారని, తెలిసి కూడా హాల్లో ఆ ముక్క చెప్పలేదని ఒప్పుకున్నాను. నా మీద విరుచుకుపడతాడని తల వంచుకుని కూర్చున్నాను.

కాక పొయ్యి దగ్గరున్న చిన్నమ్మ వైపు తిరిగాడు. ఎన్నాళ్లకో ఆయన ముఖం తేలికపడింది.

"ఇన్నవానే? నేనొక్కన్నే కాదట."