వాసెన కట్టిన నీళ్లు

మంచినీళ్లలో ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు కలిశాయో లేదో చవగ్గా కనిపెట్టడం నా పరిశోధన. ఖరీదైన సామగ్రి జోలికి పోకుండా, గాజు గొట్టంలో కాసిని నీళ్లు, చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల ద్రావకం వేసి ఊపేదాన్ని. తెల్లబడిన నీళ్లు తేరుకున్నాక, రసాయనాన్ని తనలోకి లాక్కుని పైకి తేలిన ద్రావకం చుక్కను గాజు సిరంజితో తీసి యంత్రానికి ఇవ్వాలి. రసాయనం ఉంటే కాగితం మీద గీత కొండలా లేస్తుంది.

నా ఖర్మ, ఏమీ ఉండకూడని డిస్టిల్డ్ నీళ్లకూ కొండ లేచేది! సోమవారంలోగా అది పోకపోతే ఈ అంశం వదిలెయ్యమన్నారు మా గైడు. మూడేళ్ల పని. చేతి తొడుగులు మానేశాను, గాజు సామానంతా ఓవెన్‌లో కాల్చాను. కొండ కదల్లేదు.

గాజువాక నుంచి వచ్చే మా ల్యాబ్ అటెండర్‌ను నేను బాబాయ్ అంటాను. "మా కేన్ నీళ్లెప్పుడు సూత్తావమ్మా, మనవరాలు అయ్యే తాగుతాది" అని ఆయన అడిగితే విసుక్కునేదాన్ని. ఆ శుక్రవారం ఇంకా దిగజారి, సీసాలు సరిగ్గా కడగడం లేదని ఆయన మీదే పడ్డాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. డిస్టిల్డ్ నీళ్ల సీసా ఎత్తి చూశాడు.

"సీసా గాజుదే గానమ్మా, మూతేటి?"

ప్లాస్టిక్ మూత! ఓవెన్‌లో కరిగిపోతుందని దాన్ని పక్కన పెట్టి, మళ్లీ నా చేత్తోనే బిగించేదాన్ని. తల కొట్టేసినట్టయింది.

"మరి దేంతో మూస్తాం బాబాయ్?"

"మా ఇంటిది ఊరగాయ జాడీకి గుడ్డతో వాసెన కట్టదేటి? ఇదీ అలాగే కట్టేద్దాం."

గుడ్డకు సబ్బు అంటుకుని ఉంటుంది, సబ్బు పరిమళాల్లోనూ ఈ రసాయనాలుంటాయి. అందుకని సీసాల్లో కొత్త నీళ్లు పట్టి, ఓవెన్‌లో కాల్చిన అల్యూమినియం రేకును వాటి మూతులకు నేను కప్పితే, ఆయన నూలు దారంతో ముడి మీద ముడి వేశాడు.

సోమవారం పొద్దున్నే యంత్రం ముందు నిలబడ్డాం. గీత లేవలేదు. అడ్డంగా, హాయిగా సాగిపోయింది. నేను కేక పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఏటొచ్చిందమ్మా?"

"ఏమీ రాలేదు బాబాయ్!"

"ఏటీ నేని దానికి ఇంత సంబరమేటి?"

నవ్వాను. శుక్రవారం అన్న మాటకు క్షమించమని కూడా అడిగాను. ఆయన అదేమీ విననట్టు సంచిలోంచి రేకు వాసెన కట్టిన సీసా తీశాడు. ఇంటి కేన్ నీళ్లు.

ఆ ముడి విప్పడం నావల్ల కాలేదు, ఆయనే విప్పాడు. ఉప్పు, ద్రావకం, చుక్క. ఇద్దరం కాగితం మీదికి వంగి చూశాం. ఈ గీతా లేవలేదు.

ఈసారి కేక పెట్టింది ఆయన.