గెలుస్తున్న ఆటకు అడ్డొచ్చిన పూలదండ

మర్యాద ఎక్కడ ముగిసి లొంగుబాటు ఎక్కడ మొదలవుతుంది? ఏళ్ల తరబడి నన్ను వదలని ప్రశ్న ఇది.

ఈ సాయంత్రం మా కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు విజయనగరం జట్టు మీద గెలుస్తోంది. ఓణీలు నడుముకు బిగించి ఎంత బాగా ఆడారో! అంతలో ముఖ్య అతిథి కారు దిగాడు. ప్రిన్సిపాల్‌గారు ఆట ఆపించి, చెమటలు కారుతున్న మా పిల్లల చేతనే దండ వేయించారు, హారతి పట్టించారు, స్వాగత గీతం పాడించారు. అవతలి జట్టు ఆ సేపంతా నీడన కూర్చుని సేదతీరింది. దండ పడ్డ మెడ ఒక్కసారైనా కోర్టు వైపు తిరగలేదు. ఉపన్యాసం కాగానే అతిథి కారెక్కాడు. మళ్లీ ఆట మొదలయ్యాక మావాళ్లు ఓడిపోయారు.

“ఓడితేనేం, స్వాగతం బ్రహ్మాండం!” అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

కెప్టెన్ సరోజిని ఆమదాలవలస పిల్ల. ఊరుకోలేదు. “గెలుస్తన్న ఆట మీరే ఆపేసినారు. దండలెయ్యడానికైతే మాకీ బంతెందుకు సార్?”

రేపు క్షమాపణ చెప్పకపోతే సరోజినిని జట్టులోంచి తీసేస్తారట. చెప్పించే బాధ్యత జట్టుకు ఆట నేర్పే నాకు అప్పగించారు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? మీరైతే ఏం చేస్తారు? తలవంచి ఆడమనాలో, తలెత్తుకుని మానేయమనాలో నాకింకా తేలడం లేదు.