ఇరుసుకి మూడు వేళ్ళు

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా బట్టల కొట్టు పక్క సందులో ఒక జీపు నిలబడి ఉండేది. నిలబడి ఉండేది అనడమే సబబు. అది నడిచిన రోజులకన్నా నిలబడిన రోజులే ఎక్కువ. మిలిటరీ వాళ్ళు వాడి వాడి వదిలేసిన పాత బండి అది. మా బాబాయి ఎక్కడో వేలంలో పాడుకుని, రంగు వేయించి, ముందు అద్దానికి బంతిపూల దండ కట్టి మరీ ఇంటికి తెచ్చాడు. మా నాయనమ్మ గుమ్మంలో గుమ్మడికాయ కొట్టించింది. మా తాతయ్య మాత్రం గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండానే ఒకసారి తలెత్తి చూసి, చేతిలో ఉన్న గుడ్డ తానుని మళ్ళీ మడతపెట్టుకున్నాడు.

బాబాయి ఆలోచన మంచిదే. వాగు అవతలి ఊళ్ళలో వారానికొక చోట సంత జరిగేది. అక్కడికి మా బట్టల మూటలు కిరాయి ఎద్దుల బండి మీద వెళ్ళేవి. తెల్లారకముందు బయలుదేరితే సంత సగమయ్యాక చేరేవి. జీపయితే పొద్దెక్కేలోగా వెళ్ళిపోవచ్చన్నాడు. వెళ్ళేది కూడా, వాగు దాకా. వాగులోకి బుద్ధిగా దిగేది. అవతలి గట్టు ఎక్కబోయేసరికి మాత్రం చక్రాలు గట్టుకి తగలకముందే దాని ముక్కు వెళ్ళి మట్టిలో గుచ్చుకునేది. అప్పుడు వెనకాల వచ్చే వాళ్ళెవరో జాలిపడి తమ ఎద్దుల్ని కట్టి లాగించేవాళ్ళు. మూటలు తడిసేవి. సంతలో ఆ సంగతి మూటలకన్నా ముందే చేరేది.

"తా దూర కంత లేదు, మెడకో డోలు. ముందు దాన్ని వాగు దాటమనరా, తర్వాత మూటలు ఎక్కిద్దువుగాని" అన్నాడు తాతయ్య. వచ్చే సంతకి అది తనంతట తాను వాగు దాటకపోతే అమ్మేస్తానని, బాబాయి కొట్లో కూర్చుని తానులు కొలుచుకోవాలని తేల్చేశాడు. బాబాయికి కొట్లో కూర్చోవడమంటే జైలే. ఆ వారం అతని ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చేది. బాబాయి అంటే నాకు ప్రాణం. నన్ను ఆడపిల్లవి అని వెనక్కి పంపకుండా, స్పానర్ అందించమని అడిగే మనిషి మా ఇంట్లో ఆయనొక్కడే.

అందుకని నందిగామ నుంచి ఒక మేస్త్రిని పిలిపించాడు. నెరిసిన జుట్టు, నూనె మరకల ఖాకీ చొక్కా, మాట్లాడితే సొమ్మేదో పోయినట్టు పొదుపుగా మాట్లాడే మనిషి. జీపు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. బండి ముక్కు ముందుకీ, చక్రాలు వెనక్కీ ఉన్నాయని, చక్రం ముందు తగిలితేనే గట్టు ఎక్కుతుందని, అందుకని ముందు ఇరుసుని కాస్త ముందుకి జరపాలని చెప్పాడు. ఇరుసు కూర్చునేది రెండు పక్కలా ఉండే కమాన్ కట్టల మీద. ఉక్కు పట్టీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి నడిమికి ఒక బోల్టు బిగించి ఉంటుందే, అదే కమాన్ కట్ట. ఆ నడిమి బోల్టు ఎంత ముందుకి వస్తే ఇరుసు అంత ముందుకి వస్తుంది. "పాత బోల్టు కాణ్ణుంచి మూడు వేళ్ళు ముందుకి గుర్తెట్టి ఉంచండి, నే కొలిమి కాడ మాట్లాడొస్తా" అని కమ్మరి ఇంటికి వెళ్ళాడు.

కొట్లో గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసుకుని బాబాయి ఎడం పక్కన జీపు కింద దూరాడు. మూడు వేళ్ళు ఆనించి గీత గీశాడు. కుడి పక్కన మాత్రం జీపు గోడకి అతుక్కుని ఉంది. పెద్దవాళ్ళు పట్టే సందు లేదు. ఎండలో నిలబడి చూస్తున్న నన్ను పిలిచి, "నువ్వు దూరవే బంగారం. బోల్టు దగ్గర మూడు వేళ్ళు పెట్టి గీత గియ్యి" అన్నాడు. నాకు తొమ్మిదేళ్ళుంటాయేమో. పట్టు లంగా కట్టించి పేరంటానికి తీసుకెళ్ళినా నాకంత సంబరం ఎప్పుడూ కలగలేదు. బల్లిలా పాకి వెళ్ళి, మూడు వేళ్ళు ఆనించి, నాలుక బయటపెట్టి జాగ్రత్తగా గీత గీసి వచ్చాను. బాబాయి మూడు వేళ్ళన్నాడు, నేను మూడు వేళ్ళే పెట్టాను. అందులో అబద్ధమేమీ లేదు.

మేస్త్రి వచ్చి, జీపుని ఇవతలికి తోయించి, కట్టలు విప్పించి, ఆ గీతల ప్రకారమే కొలిమిలో రంధ్రాలు వేయించాడు. మళ్ళీ బిగించి, స్టీరింగు రాడ్డు సరిచేసేసరికి సాయంత్రమైంది. నందిగామ బస్సు వేళయిందని, రోడ్డు మీద నడిపి చూడకుండానే చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బాబాయి తాతయ్యని బతిమాలి జీపులో ముందు కూర్చోబెట్టాడు. నేను వెనకాల ఎక్కాను. చిల్లకల్లు వైపు తిన్నని రోడ్డు. ఊరు దాటి వేగం అందుకోగానే జీపు కుడి పక్కకి లాగడం మొదలుపెట్టింది. బాబాయి స్టీరింగుని ఎడమకి పట్టుకుని పళ్ళు బిగించాడు. ఒక గుంటలో దూకేసరికి చెయ్యి జారింది. జీపు రోడ్డుకి అడ్డంగా కుడివైపు పోయింది, ఎదురుగా సిమెంటు ఫ్యాక్టరీకి రాళ్ళు మోసే లారీ వస్తోంది. ఆ హారను మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బాబాయి ఎట్లా తిప్పాడో ఏమో, లారీ మమ్మల్ని రాసుకుంటూ వెళ్ళిపోయింది. తాతయ్య కిందికి దిగి, పంచె దులుపుకుని, ఎదురొచ్చిన బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. మేం ఇల్లు చేరేసరికి సంతకి ఎద్దుల బండి మాట్లాడేశాడు. జీపుని అమ్మడానికి మనిషికి కబురు కూడా వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం బాబాయి కంచం ముందు కూర్చున్నాడే గాని ముద్ద నోట్లో పెట్టలేదు. అన్నంలో వేళ్ళు ఆడిస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఆ వేళ్ళనే చూస్తున్నాను. లావాటి వేళ్ళు, ఒక్కొక్కటి నా బొటనవేలికన్నా లావు. నా చెయ్యి చూసుకున్నాను. ఆయన మూడు వేళ్ళూ, నా మూడు వేళ్ళూ ఒకటి కావు. జీపు లాగింది నేను గీత గీసిన పక్కకే.

చెప్పేస్తే పోయేది. నేను చెప్పలేదు. చెబితే ఇక ఎవరూ నన్ను ఆ బండి దగ్గరికి రానివ్వరు. నాయనమ్మ అయితే, ఆడపిల్లకి బండి కింద ఏం పని అని బాబాయినే కడిగేస్తుంది. పైగా ఆ లారీ నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. తేలు కుట్టిన దొంగలా మజ్జిగన్నం మింగేసి లేచాను.

బాబాయి బస్సు కండక్టరుతో కబురు పంపితే సాయంత్రంలోపే మేస్త్రి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎవర్నీ ఏమీ అడగలేదు. జీపుని గోడ నుంచి ఇవతలికి తోయించాడు. వెనక ఇరుసు నుంచి ముందు ఇరుసు దాకా ఎడం పక్కన ఒక తాడు లాగి ముడి వేశాడు. అదే తాడు కుడి పక్కన పట్టాడు. ముడి ఒక వేలెడు ముందుకి పోయింది. అంటే కుడి పక్క అంత తక్కువ జరిగిందన్నమాట. తర్వాత కింద దూరి కాసేపు అక్కడే ఉన్నాడు. పాత గీత తాలూకు సుద్ద ఇంకా అంటుకునే ఉందనుకుంటాను. బయటికి వచ్చేసరికి నాయనమ్మ పంపిన మజ్జిగ గ్లాసు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. గ్లాసు తీసుకుంటూ నా చేతి వంక చూశాడు.

మజ్జిగ తాగి, నేరుగా కొట్లోకి వెళ్ళి తాతయ్య ముందు నిలబడ్డాడు. "తప్పు నాదండి షావుకారు గారూ. గుర్తుని నమ్మా. తాడేసి కొలవలా. రోడ్డు మీద తోలి చూడలా" అన్నాడు.

తాతయ్యకి కోపం రావడం అరుదు. వస్తే మాత్రం గొంతు పెరగదు, మాట పదునెక్కుతుంది. ఇంత వయసొచ్చిన పనివాడు కొలవకుండా ఇరుసు బిగిస్తాడా అన్నాడు. బండిలో పసిపిల్ల ఉందని తెలుసా అన్నాడు. ఈ పని మానేసి ఇంకేదైనా చూసుకోమన్నాడు. కొట్లో బేరానికి వచ్చిన వాళ్ళంతా వింటున్నారు. నెరిసిన తలతో ఆయన నూనె గుడ్డకి చేతులు తుడుచుకుంటూ అట్లాగే నిలబడ్డాడు. మా తాతయ్య వయసుకి దగ్గరగా ఉన్నవాడు, నా వల్ల తిట్లు తింటున్నాడు. అంత సిగ్గు నాకు మళ్ళీ జీవితంలో వెయ్యలేదు. ఏడుస్తూనే గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళి, "కుడి పక్క గీత నేను గీశాను తాతయ్యా. నా వేళ్ళతో" అన్నాను.

బాబాయి గుమ్మంలోంచి, "గియ్యమన్నది నేనే నాన్నా" అన్నాడు.

తాతయ్య మా ముగ్గుర్నీ చూశాడు. నన్ను దగ్గరికి పిలిచి నా చెయ్యి తన అరచేతిలో పెట్టుకున్నాడు. ఇనప గజం బద్ద తీసి బల్ల మీద పెట్టి, "మన కొట్లో ఒక తానుని ఎంతమంది కొలుస్తారే?" అని అడిగాడు. ఆ సంగతి మా ఇంట్లో పిల్లలకి నడక రాకముందే వచ్చేది. గజం బద్ద ఒకటే అయినా లాగే చెయ్యి మారితే గుడ్డ తేడా వస్తుందని, ఒక తాను మొదలుపెట్టిన చెయ్యే చివరిదాకా కొలవాలని తాతయ్య కట్టడి. "ఒకళ్ళే" అన్నాను. "మీ బాబాయికి ఇరవై ఏళ్ళుగా చెబుతున్నా" అన్నాడు. ఆ తర్వాత మేస్త్రి వైపు చూడకుండా, తాను మడతపెట్టుకుంటూ, "తొందరేం లేదు, నిదానంగా చెయ్యి మేస్త్రీ. సంత వచ్చే వారం కూడా ఉంటుంది" అన్నాడు. తొందరపెట్టింది తనేనని ఒప్పుకోవడం మా తాతయ్యకి అంతవరకే చేతనవును.

మర్నాడు కట్ట మళ్ళీ విప్పారు. మేస్త్రి తాడు ఒక కొస తన దగ్గర ఉంచుకుని రెండో కొస నా చేతికిచ్చాడు. ఆయన సరే అనేదాకా రెండు పక్కలా పట్టుకున్నాను. గీత మాత్రం ఆయనే గీశాడు. ఆ తర్వాతి సంతకి జీపు మూటలతో సహా వాగు దిగి, అవతలి గట్టుకి చక్రాలు ముందు ఆనించి, మూలుగుతూ పైకెక్కింది. అమ్మకానికి వచ్చిన మనిషిని తాతయ్య కాఫీ ఇచ్చి పంపేశాడు.

నా పెళ్ళికి ఆ మేస్త్రి వచ్చాడు. మరీ ముసలివాడైపోయాడు. ఆ రోజు గీత నాదని మీకు ముందే తెలుసా అని అడిగాను. "గీత వంకర చూడగానే తెలిసిందమ్మా" అన్నాడు. మరి నా కోసం అబద్ధమెందుకు ఆడారని అడిగితే ఆయన కాస్త నొచ్చుకున్నాడు. "అబద్ధమేంటమ్మా? నే కొలవకపోవడం నిజమేగా. నీది నువ్వు చెప్పావు, నాది నేను చెప్పా" అన్నాడు. అన్నేళ్ళుగా ఆయన నన్ను కాపాడాడనే అనుకున్నాను. ఆయన చేసింది అంతకన్నా కష్టమైన పనని అప్పుడు అర్థమైంది.

నేనేదో ఆ రోజు నుంచి మహా సత్యవంతురాలినైపోయానని కాదు. మా ఆయనతో యాభై ఏళ్ళు కాపురం చేసి, తప్పు నాదని ఎన్నిసార్లు అన్నానో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కానీ ఇంట్లో ఏదైనా చెడిపోయి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నప్పుడు, నెరిసిన తలతో నిలబడ్డ ఆ మనిషి నాకు గుర్తొస్తాడు. మొన్న కొత్తగా వచ్చిన మా మనవడి భార్య వండిన అన్నం ముద్దయిపోయింది. బియ్యం మీద నీళ్ళు వేలి గీత దాకా పొయ్యమని చెప్పింది నేనే. ఆ పిల్ల కంచాల ముందు తల వంచుకుని నిలబడింది, మనవడు ఏదో అనబోయాడు. నేను ముందుగా నోరు తెరిచి, "తప్పు నాదిరా. ఎవరి వేలో చెప్పలేదు" అన్నాను. ఆ పిల్ల తలెత్తి, "నేను కూడా నీళ్ళు ఎక్కువ పోశానండి అమ్మమ్మగారూ, సరిపోవేమోనని" అంది.